అరచేతిలో కనిపించిన గుండె జబ్బు

ఏజియన్ సముద్రంలో నాక్సోస్ అని ఓ గ్రీకు ద్వీపం. అక్కడ కొన్ని కుటుంబాల్లో పిల్లలు ఉన్నిలాంటి ఉంగరాల జుట్టుతో పుట్టేవారు. పాకడం, నడవడం, వస్తువులు పట్టుకోవడం మొదలయ్యాక అరచేతులు, అరికాళ్ళ చర్మం మందంగా, బిరుసుగా తయారయ్యేది. టీనేజీ వచ్చేసరికి గుండె లయ తప్పేది. కొందరు ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయేవారు.

1986లో నికోస్ ప్రొటోనోటారియోస్, అడలేనా త్సత్సోపులూ, వాళ్ళ సహచరులు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ఈ జుట్టునీ, చర్మాన్నీ, గుండెనీ ఒకే జబ్బు కింద చేర్చి రాశారు. తర్వాత దానికి ద్వీపం పేరే స్థిరపడింది.

అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1982లో, ఫ్రాంక్ మార్కస్, గై ఫోంటేన్ బృందం ఇలా కుడి జఠరిక దెబ్బతిన్న 24 మంది పెద్దవాళ్ళ గురించి రాసింది. దానికి వాళ్ళు వాడిన మాట డిస్‌ప్లేసియా. అంటే గుండె తయారీలోనే లోపం అన్నమాట. మరి గుండె తయారీలో లోపమైతే అరచేతికెందుకు రావాలి?

జవాబు 2000లో దొరికింది. నాక్సోస్ రోగుల్లో ప్లాకోగ్లోబిన్ అనే ప్రొటీన్ జన్యువులో రెండు అక్షరాలు లేవు. జన్యువుని మూడేసి అక్షరాలుగా చదవాలి కాబట్టి, రెండు ఎగిరిపోతే అక్కణ్ణుంచి అంతా తప్పుగా చదువుకుంటాం. ప్రొటీన్ పూర్తికాకుండానే ఆగిపోతుంది. కోడ్‌లో ఒక్క బ్రాకెట్ పోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

ప్లాకోగ్లోబిన్ పని కణానికీ కణానికీ మధ్య అతుకు వేయడం. డెస్మోసోమ్ అనే ఆ అతుకులు ఎక్కువగా ఉండేది నిత్యం సాగుతూ, రాసుకుంటూ ఉండే చోట్ల, అంటే చర్మంలోనూ గుండె కండరంలోనూ. అతుకు బలహీనమైతే ప్రతి సంకోచానికీ గుండె కణాలు కాస్త కాస్త విడిపోతాయి. చచ్చిపోయిన కణాల స్థానంలో కొవ్వు, పీచు కణజాలం చేరతాయి. వాటి మధ్య విద్యుత్ సంకేతం దారి తప్పుతుంది. కుడి జఠరిక గోడ పల్చన, అందుకే చాలామందిలో ముందు దెబ్బ దానికే తగులుతుంది. గట్టి వ్యాయామం చేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇలాంటి కథే ఈక్వడార్‌లోనూ నడిచింది. 1998లో అక్కడి చర్మవైద్యుడు లూయిస్ కార్వహాల్ ఇలాంటి జుట్టు, చర్మం ఉన్నవాళ్ళలో గుండె జబ్బుని గుర్తించాడు. అక్కడ దెబ్బతిన్నది ముఖ్యంగా ఎడమ జఠరిక. 2000లోనే దాని కారణం కూడా తెలిసింది: డెస్మోప్లాకిన్. ఇదీ అతుకు ప్రొటీనే.

ఇక అసలు సంగతి. ఈ తరహా గుండె జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జుట్టులో, చర్మంలో ఏ తేడా ఉండదు. అతుకుల్లో వెతకాలని నాక్సోస్ చూపించింది కాబట్టే వాళ్ళ జన్యువులూ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 2004లో దొరికిన ప్లాకోఫిలిన్-2 వాటిలో ముఖ్యమైనది. ఇవాళ ఒక యువకుడు మైదానంలో కూలిపోతే, అతని తమ్ముడికో చెల్లెలికో ముందే పరీక్ష చేసి, ఆట మాన్పించో ఛాతీలో డీఫిబ్రిలేటర్ అమర్చో కాపాడే అవకాశం ఉంది. ఆ తమ్ముడి అరచేతులు మామూలుగానే ఉంటాయి. అతనికి ఎక్కడ వెతకాలో చెప్పినవి మాత్రం నాక్సోస్ పిల్లల అరచేతులే.