కాగితంలో షరతు, కాలువలో క్లోరిన్



ఖతార్‌లో ఫ్యాక్టరీ నడపాలంటే రెండు కాగితాలు కావాలి. కట్టకముందు పర్యావరణ అనుమతి ఒకటి, కట్టాక నడుపుకోవడానికి మరొకటి. ఆ రెండోదాన్ని ‘కన్సెంట్ టు ఆపరేట్’ అంటారు. సైట్లో పనిచేసేవాళ్ళ నోట్లో అది ఉత్త సీటీఓ. మన దగ్గర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కన్సెంట్లు తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. ఎంత పొగ వదలొచ్చు, సముద్రంలోకి పోయే నీళ్ళు ఎంత వేడిగా ఉండొచ్చు, అందులో క్లోరిన్ ఎంత మిగలొచ్చు, ఇవన్నీ షరతులు. గడువు తీరితే మళ్ళీ తెచ్చుకోవాలి. మరి ఆ షరతులు పాటిస్తున్నారో లేదో చూసేదెవరు? ఆ చూపు ఎప్పుడు మొదలైంది? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

నేను కొన్నేళ్ళు ఒక కాంట్రాక్టు ల్యాబు తరఫున నీళ్ళ శాంపిళ్ళు తీశాను. కాబట్టి ఇది నాకు పుస్తకాల్లో చదివిన విషయం మాత్రమే కాదు.

ముందు కొంచెం చరిత్ర. దుఖాన్ చమురు ఎడారి అడ్డంగా పైపులో వచ్చి, ఇప్పుడు మెసాయీద్ అంటున్న ఉమ్ సయీద్ రేవులో ఓడెక్కింది 1949 చివరి రోజున. 1973లో అక్కడే ఎరువుల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. 1978లో గల్ఫ్ చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు సముద్రాన్ని కాపాడుకుందామని కువైట్‌లో ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికి ఇది పెద్దమనుషుల మాటలాగే కనిపించి ఉంటుంది. కానీ 1983లో ఇరాన్-ఇరాక్ యుద్ధంలో నౌరూజ్ బావుల చమురు, 1991లో కువైట్ యుద్ధపు చమురు సముద్రం మీద పరుచుకున్నాక భయం ఇంటిదాకా వచ్చింది. ఎందుకంటే ఇక్కడ నదుల్లేవు, చెరువుల్లేవు. కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరే. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసేదీ ఆ సముద్రంలోనే, మనం తాగేదీ అందులోంచే.

పర్యావరణానికి ఒక స్థాయీ సంఘం 1981లోనే ఉంది. అయితే అసలు అధికారం పుట్టింది 2000లో, పర్యావరణం, సహజ రక్షిత ప్రాంతాల సుప్రీం కౌన్సిల్ పేరుతో. 2002లో 30వ నంబరు చట్టం వచ్చింది. ఏ గొట్టంలోంచి ఏది ఎంత పోవచ్చో చెప్పే నియమావళి 2005లో వచ్చింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రాస్ లఫాన్ నుంచి మొదటి ద్రవ సహజవాయువు ఓడ జపాన్‌కు బయల్దేరింది 1996 డిసెంబరులో. అంటే ఫ్యాక్టరీలు అన్నలు, చట్టం తమ్ముడు. పుట్టిన తమ్ముడు అన్నల్ని అదుపులో పెట్టాలి! ఆ తర్వాత కౌన్సిల్ పోయి 2008లో మంత్రిత్వశాఖ వచ్చింది. 2016లో దాన్ని మునిసిపాలిటీ శాఖలో కలిపారు. 2021లో మళ్ళీ విడదీసి వాతావరణ మార్పును జతచేశారు. బోర్డు మారినప్పుడల్లా ఫారాల మీద ముద్ర మారేది, పని మాత్రం అదే.

ఆ పనేమిటో చెబుతాను. ఫ్యాక్టరీ యంత్రాలు చల్లబడటానికి సముద్రపు నీళ్ళు లాక్కుంటాయి. గొట్టాల్లో గుల్లలూ నాచూ పట్టకుండా అందులో క్లోరిన్ వేస్తారు. ఆ నీళ్ళు తిరిగి సముద్రంలో కలిసేచోట ఎంత క్లోరిన్ మిగిలిందో చూడాలి. శాంపిల్‌ను సీసాలో పోసి దోహా ల్యాబుకి పంపిస్తే కుదరదు. ఎండకీ వేడికీ క్లోరిన్ నిమిషాల్లో తగ్గిపోతుంది. అందుకని కాలువ గట్టునే నిలబడి, చిన్న గాజు సీసాలో నీళ్ళు పట్టి, డీపీడీ అనే పొడి వెయ్యాలి. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. రంగు ఎంత చిక్కనైతే క్లోరిన్ అంత ఎక్కువ.

ఒకచోట, పేరు వద్దు, క్లోరిన్ రోజంతా కాకుండా విడతలు విడతలుగా వేసేవారు. డోసింగు ఆగాక చాలాసేపటికి గానీ శాంపిల్ తియ్యొద్దన్నాడు మా సూపర్‌వైజరు. మనవాడే, మంచివాడే. “తమ్ముడూ, ఏ టైములో తియ్యాలో కండిషన్లో రాయలేదు కదా” అన్నాడు. తీశాను. రంగు రాలేదు. నేను రాసిన అంకె నిజం, టైము గడిలో వేసిన టైమూ నిజమే. డోసింగు ఎప్పుడు ఆగిందో రాయడానికి మాత్రం ఆ ఫారంలో గడి లేదు. అబద్ధం ఒక్కటీ లేకుండా నివేదిక వెళ్ళిపోయింది.

ఇలాంటి చోట మనిషి కన్నా యంత్రమే నయం. కాలువలోనో చిమ్నీలోనో బిగించి రాత్రీపగలూ కొలిచే మీటరుకి టైము ఎంచుకునే వీలుండదు. దాన్ని సరిచూసుకునేది కూడా కంపెనీయే అనుకోండి. ఇక్కడ పద్ధతే అది. కొలిచేది ఎక్కువగా కంపెనీ, చదివేది మంత్రిత్వశాఖ. పైగా ఆ పారిశ్రామిక నగరాలను నడిపిందీ, అందులోని కంపెనీల్లో పెద్ద వాటాదారూ ఖతార్ పెట్రోలియమే. 2021 నుంచి దాని పేరు ఖతార్ఎనర్జీ. ఇంటి యజమానీ, దుకాణదారూ, మొదటి తనిఖీదారూ ఒక్కరే అయినట్టు.

అలాగని ఏమీ జరగలేదనడం అన్యాయం. రాస్ లఫాన్‌లో ఓడలు నింపేటప్పుడు ఆవిరయ్యే వాయువును ఏళ్ళ తరబడి మంటకు వదిలారు. సుమారు వంద కోట్ల డాలర్లతో దాన్ని పట్టి వెనక్కి పంపే ఏర్పాటు 2014లో పనిచేయడం మొదలుపెట్టింది. ఓడరేవులో ఆ మంట తొంభై శాతం దాకా తగ్గింది. డబ్బూ సంకల్పమూ ఒకేచోట ఉంటే యజమానే తనిఖీదారు కావడం అప్పుడప్పుడూ కలిసొస్తుంది.

మన పటాన్‌చెరు కథ దీనికి తలకిందులు. అక్కడ 1974 నీటి చట్టం ఉంది, 1976 నుంచి మండలి ఉంది, కన్సెంట్లున్నాయి. నక్కవాగు మాత్రం రంగు మారింది. దాన్ని ముందు కనిపెట్టింది మీటర్లు కాదు, పొలం పాడైన రైతులు. డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటివాళ్ళు వాళ్ళ వెంట నిలిచారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది, రైతులకు పరిహారం ఇమ్మని ఉత్తర్వులొచ్చాయి. ఆలస్యమే, కానీ వాగు పక్కన ఊరుంది, ఊరికి నోరుంది.

రాస్ లఫాన్ కంచె లోపల ఊరు లేదు. న్యూజీలాండ్‌లో 1991 చట్టం ప్రకారం ఇలాంటి అనుమతులిచ్చి తనిఖీ చేసేది ఎన్నికైన ప్రాంతీయ మండళ్ళు. ఖతార్‌లోనూ 1999లో 29 మంది సభ్యుల కేంద్ర మునిసిపల్ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి, ఆడవాళ్ళూ ఓటేశారు. కానీ అది సలహా చెప్పే కౌన్సిలే, సీటీఓ జోలికి రాదు. ఇక కాలువ గట్టున రోజూ ఉండేది మాలాంటి కాంట్రాక్టు మనుషులు. మా వీసా కంపెనీ చేతిలో.

అయినా చూసేవాళ్ళు చూస్తారు. అల్ షాహీన్ చమురు వేదికల చుట్టూ వేసవిలో తిమింగల సొరచేపలు గుంపులుగా చేరతాయని 2013లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. వాళ్ళను అక్కడికి రప్పించింది వేదిక మీద పనిచేసే ఒకాయన తీసిన ఫోటో. ఆ ఫోటో తియ్యమని ఏ కన్సెంట్లోనూ షరతు లేదు.

సమయం అయిపోయింది. సెలవు.