అల్లికకెక్కిన అక్షరం

డిసెంబరు వచ్చేసరికి బ్రిటన్‌లో, నార్వేలో, అమెరికాలో చాలా ఇళ్ల గోడల మీద ఊలు తోరణాలు వెలుస్తాయి. అరచేతి వెడల్పు జెండాలు అల్లి, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం వేసి, వరసగా తాడుకు గుచ్చి కడతారు. 'నోయెల్' అనో, 'జాయ్' అనో, ఓపిక ఉంటే 'మెర్రీ క్రిస్మస్' అనో చదువుకోవచ్చు. చూసేవాళ్లకు ఇది నిన్నమొన్నటి సరదా అనిపిస్తుంది. తోరణంగా దాని వయసు నిజంగానే తక్కువ. కాని అల్లికలో అక్షరం వేయడం దాదాపు అల్లికంత పాత పని. ఎనిమిది వందల ఏళ్లలో ఆ అక్షరం దీవెనగా పుట్టి, గుర్తుగా మారి, బడిలో పాఠమై, చివరికి శుభాకాంక్షగా గోడకెక్కింది.

ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. రెండు సూదుల అల్లికలో బట్ట అంటే ఉచ్చుల వరసలే. ఒక్కో ఉచ్చు ఒక్కో గడి. అక్షరం వేయాలంటే ఏ గడిలో ఏ రంగు పడాలో ముందే తెలియాలి. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ లెక్క ఇట్టే బోధపడుతుంది. కలంతో రాసే అక్షరం ఎటైనా వంపు తిరుగుతుంది. అల్లికలో మాత్రం అది మెట్లు మెట్లుగానే వంగాలి. అందుకే నిలువు గీతలు, అడ్డగీతలు ఎక్కువున్న లిపులే అల్లికలోకి ముందు దిగాయి.

దీవెనగా

ఈజిప్టులో దొరికిన మధ్యయుగాల నూలు మేజోళ్లు మనకు మిగిలిన అల్లికల్లో అతి పాతవాటిలో చేరతాయి. నీలం, తెలుపు దారాలతో అల్లిన వాటిలో కొన్నింటి మీద కూఫీ లిపి పోలికతో అల్లా నామం కనిపిస్తుంది. కూఫీ అరబ్బీ లిపిలో కోణాలు ఎక్కువగా ఉండే పాత పద్ధతి. గడుల్లో ఒదగడానికి అది ఎంతో అనువైన రాత.

ఐరోపాలో దొరికిన తొలి సాక్ష్యం ఇంకా ఆశ్చర్యకరం. స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర లాస్ వెల్గాస్ మఠంలో కాస్టిల్ యువరాజు ఫెర్నాండో దె లా సెర్డా సమాధి ఉంది. ఆయన 1275లో చనిపోయాడు. సమాధిలో ఆయన తల కింద పెట్టిన పట్టు దిండు గలీబు చేత్తో అల్లినది. అంగుళానికి సుమారు 20 కుట్లున్న అతి సన్నని పని. దాని అంచున అరబ్బీలో 'దీవెన' అనే మాట మళ్లీమళ్లీ వస్తుంది. పోయినవాడు క్రైస్తవ రాజకుమారుడు. దిండు మీది భాష, లిపి ముస్లింలవి. ఆనాటి స్పెయిన్‌లో రాజకుటుంబాలు నేర్పున్న ముస్లిం కళాకారులతో పని చేయించుకునేవి. మంచి మాటకు, మంచి పనికి మతం అడ్డు రాలేదు.

చర్చి పెద్దలకు అల్లిన చేతితొడుగుల్లోనూ ఇదే వరస కనిపిస్తుంది. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో బిషప్పులు పూజ వేళ తొడుక్కున్న ఎర్రపట్టు తొడుగుల మీద యేసు నామానికి సంకేతమైన ఐహెచ్ఎస్ అనే మూడక్షరాలను జరీతో అల్లేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటి జత ఉంది.

గుర్తుగా

విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే మగ్గం కనిపెట్టాడు. ఆ తర్వాత కూడా చేతి అల్లిక చాలాకాలం పేదింటి జీవనోపాధిగానే నిలిచింది. ఈ కాలంలో అక్షరం పని మారింది. బట్ట ఖరీదైన ఆస్తి కాబట్టి, పెద్ద ఇళ్లలో బట్టలన్నీ ఒక్కచోటే ఉతికేవారు కాబట్టి, ఏది ఎవరిదో తెలియాలి. బట్టల మీద పొడి అక్షరాలు, అంకెలు కుట్టడం ఆడపిల్లలు తప్పనిసరిగా నేర్చుకునే విద్య అయింది. ఇంగ్లండులో తేదీ వేసి ఉన్న మాదిరి గుడ్డల్లో అతి పాతది 1598 నాటిది. జేన్ బోస్టాక్ అనే ఆమె పేరు, అక్షరమాల అందులో ఉన్నాయి. అది ఎంబ్రాయిడరీయే, అల్లిక కాదు. అయినా అక్షరాన్ని గడుల లెక్కలోకి దించే అలవాటు ఇలాంటి గుడ్డల మీదనే స్థిరపడింది.

ఆ అలవాటు అల్లికలోకి తేలిగ్గానే వచ్చింది. స్కాట్లాండులోని సాంకర్ పట్టణం పేరుమీద ప్రసిద్ధమైన గళ్ల చేతితొడుగుల మణికట్టు పట్టీలో సొంతదారు పొడి అక్షరాలు, సంవత్సరం అల్లడం ఆనవాయితీ. ఇంగ్లండు తూర్పు తీరంలో జాలర్లు తొడిగే బిగువైన ముదురు నీలం స్వెట్టర్లకు అడుగు అంచుకు కొంచెం పైన పొడి అక్షరాలు వేసేవారు. సముద్రంలో మునిగిన మనిషి శవాన్ని ఆ అల్లికనుబట్టి గుర్తుపట్టేవారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారాలు తక్కువ. ఆ కథ వ్యాపించడంలో 1904లో ప్రదర్శించిన జె.ఎం. సింజ్ నాటకం 'రైడర్స్ టు ద సీ' పాత్ర పెద్దది. అందులో అక్కచెల్లెళ్లు మునిగి చనిపోయింది తమ అన్నేనని అతని మేజోడులో జారిన కుట్లనుబట్టి గుర్తిస్తారు.

పాఠంగా

19వ శతాబ్దంలో అక్షరానికి బడి దొరికింది. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో అమ్మాయిలు సన్నని నూలుతో పొడవాటి మాదిరి పట్టీలు అల్లేవారు. ఒక దాని కింద ఒకటిగా రకరకాల డిజైన్లు, మధ్యమధ్య చిల్లులతో తేల్చిన అక్షరాలు, అంకెలు, చివర తమ పొడి అక్షరాలు, సంవత్సరం. అది వాళ్ల నోటుపుస్తకమూ, పరీక్షా పత్రమూ.

అదే కాలంలో పటాల వ్యాపారం పుట్టింది. 1804 ప్రాంతంలో బెర్లిన్‌లో గళ్ల కాగితం మీద చేత్తో రంగులు వేసిన డిజైన్లు అమ్మకానికి వచ్చాయి. కొద్ది దశాబ్దాల్లో అవి ఐరోపా, అమెరికా అంతటా పాకాయి. పారిస్‌లో సాజూ సంస్థ జేబులో పట్టే చిన్న అక్షరమాల పుస్తకాలు అచ్చువేసింది. 1886లో తెరేజ్ ద దిల్మాన్ రాసిన కుట్లు అల్లికల సర్వస్వాన్ని డీఎంసీ దారాల కంపెనీ అనేక భాషల్లోకి తెచ్చింది. అంతవరకు తల్లి చేతినుంచి కూతురి చేతికి అందిన అక్షరం ఇక అచ్చు కాగితం మీద ఊరూరా దొరికింది.

కొక్కెం సూదితో అల్లే క్రోషియాలో ఈ అచ్చు పటాల ఫలితం ఇంకా ప్రస్ఫుటం. ఫైలే క్రోషియా అనే పద్ధతిలో బట్ట అంతా చదరపు కిటికీల వలలా ఉంటుంది. కొన్ని కిటికీలు మూసి, కొన్ని తెరిచి ఉంచితే అక్షరం తేలుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో స్త్రీలు పాలకూజా మీద కప్పే గుడ్డల్లోకి దేశభక్తి నినాదాలు అల్లారు. ఆస్ట్రేలియాకు చెందిన మేరీ కార్డ్ గీసిన పటాలు ఆ రోజుల్లో ఇంగ్లిషు మాట్లాడే దేశాలన్నిటా వాడుకలో ఉండేవి. వినికిడి తగ్గి పంతులమ్మ ఉద్యోగం సాగక ఆమె ఈ దారి పట్టింది.

శుభాకాంక్షగా

గోడకు అక్షరాలు వేలాడదీసే అలవాటు మాత్రం ఊలు నుంచి రాలేదు. 1843లో హెన్రీ కోల్ లండన్‌లో తొలి వాణిజ్య క్రిస్మస్ కార్డు అచ్చువేయించాడు. పండగ శుభాకాంక్షను అచ్చు అక్షరాల్లో పంపుకునే ఆచారం అక్కడ మొదలైంది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 'ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్'లో వచ్చింది. ఇంటి అలంకరణ మధ్యతరగతి మోజు అయింది. చర్చిలో గోడల మీద బైబిలు వాక్యాల పట్టీలు కట్టడానికి హోలీ ఆకులతో, దూదితో అక్షరాలు చేసేవారు. ఎడ్వర్డ్ కట్స్ అనే పాదరీ 1859లో చర్చిల క్రిస్మస్ అలంకరణ మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. తర్వాత కాగితం రంగప్రవేశం చేసింది. అమెరికాలో డెనిసన్ కంపెనీ ముడతల కాగితాన్ని, దానితో అలంకరణలు చేసే చిట్టి పుస్తకాలను అమ్మింది. జాతరలకు, పట్టాభిషేకాలకు వీధుల్లో కట్టే గుడ్డ జెండాల వరసలు అప్పటికే ఉన్నాయి.

అంటే అక్షరాల తోరణం ఆకులతో, గుడ్డతో, కాగితంతో ముందే తయారైంది. ఊలు మాత్రం ఒంటి మీదే ఉండిపోయింది. కారణం తేలికే. చలిదేశంలో ఊలు విలువైనది. దాన్ని అల్లితే ఎవరికో ఒకరికి వెచ్చదనం దక్కాలి. గోడకు వేలాడదీసేంత ఊలు ఎవరికీ మిగల్లేదు.

ఈ లెక్కను రెండు మార్పులు తిరగేశాయి. 1950లో డ్యూపాంట్ కంపెనీ ఆర్లాన్ పేరుతో అక్రిలిక్ దారాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అక్రిలిక్‌కు చిమ్మట పట్టదు, ఉతికితే కుంచించుకుపోదు, ధర తక్కువ. మరోవైపు రెడీమేడ్ స్వెట్టర్లు చవకయ్యాయి. అల్లిక అవసరం స్థానంలో అభిరుచి వచ్చి కూర్చుంది. ఈ మలుపులో అమెరికాలో వచ్చిన తొలి ముచ్చట పిల్లల పేర్లు అల్లిన క్రిస్మస్ మేజోడు. అది మేజోడే, కాని కాలికి తొడిగేది కాదు. క్రిస్మస్ తాత బహుమతులు వేయడానికి పొయ్యి గూటికి వేలాడేది. తొడిగే వస్తువు అలంకారంగా మారిన ఘట్టం ఇది. తోరణానికి అసలైన మాతృక ఇదే.

తర్వాత పని ఇంటర్నెట్ చేసింది. 2005లో హ్యూస్టన్‌లో మాగ్డా సాయెగ్ తన దుకాణం తలుపు పిడికి అల్లిక తొడిగింది. అక్కణ్ణుంచి చెట్లకు, స్తంభాలకు ఊలు తొడిగే వీధి కళ ప్రపంచమంతా పాకింది. 2007లో మొదలైన రావెల్రీ వెబ్‌సైటు లక్షల అల్లికదారులకు పటాలు పంచుకునే చోటయింది. 2010లో నార్వేలో ఆర్నే, కార్లోస్ అనే ఇద్దరు డిజైనర్లు క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే అల్లిక బంతుల పుస్తకం తెచ్చారు. చిన్న వస్తువు, ఒకటి రెండు సాయంత్రాల పని, మిగిలిపోయిన ఊలు ముక్కలు చాలు. అక్షరాల జెండాలు ఇదే గాలిలో పెరిగాయి. బ్రిటన్‌లో ఇప్పుడు ఎర్ర పోస్టుపెట్టెల నెత్తిన కూడా పండగ అల్లికలు కనిపిస్తున్నాయి.

అల్లేవాళ్ల చిక్కులు

తోరణం అల్లడం స్వెట్టర్ అల్లడం కన్నా తేలిక అనుకుంటారు. కొలతల బెడద లేదన్నది నిజమే. కాని అక్షరం దగ్గర మూడు చిక్కులున్నాయి. మొదటిది ఆకారం. మామూలు అల్లికలో 5 కుట్ల వెడల్పు, 7 వరసల ఎత్తు దాదాపు సమానం. చదరపు గడుల కాగితం మీద గీసిన అక్షరం అల్లితే పొట్టిగా, వెడల్పుగా అణిగిపోతుంది. అందుకే అల్లికకు వేరే నిష్పత్తిలో గీసిన గ్రాఫు కాగితం వాడతారు. రెండోది అంచు. సాదా అల్లిక పక్కలకు చుట్టుకుపోతుంది. చుట్టూ నాలుగైదు కుట్లు ముందు వెనకలుగా మార్చి అల్లితే జెండా చదునుగా నిలుస్తుంది. మూడోది రంగు మార్పు. రెండు దారాలు వెనక మోస్తూ అల్లవచ్చు, లేదా రంగు రంగుకూ వేరే ఉండ పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లు ముందు ఒకే రంగు జెండా అల్లేసి, తర్వాత మొద్దుసూదితో కుట్ల మీదే కుట్లు పోసి అక్షరం దిద్దుతారు. తప్పితే విప్పుకోవడం సులువు.

మాట ఎంపిక వెనక కూడా లెక్కే ఉంది. ఇంగ్లిషులో 'మెర్రీ క్రిస్మస్' అంటే 14 జెండాలు. 'నోయెల్' నాలుగు, 'జాయ్' మూడు. చిన్న మాటలు తోరణాల్లో ఎందుకు రాజ్యమేలుతున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన గుమ్మం సంగతి

గుమ్మానికి తోరణం కట్టడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మామిడాకులు కాక, ఊలు, పూసల తోరణాలు కూడా మన ఇళ్లకు కొత్త కాదు. మ్యాటీ గుడ్డ మీద ఎక్స్ కుట్టుతో 'వెల్‌కమ్' అని కుట్టి ఫ్రేము కట్టించిన పటం ఒక తరం కిందట ముందుగదుల్లో తరచుగా కనబడేది. ఆ అక్షరాలు ఎక్కువగా ఇంగ్లిషువే. పటాలు ఆ లిపిలోనే దొరికేవి మరి.

అల్లిక విద్య కూడా మన నేల మీద లోతుగానే పాతుకుంది. పశ్చిమ గోదావరిలోని నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. ఆ చేతుల్లో తయారైన లేసు విదేశాల బల్లల మీదికి వెళ్లింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఈ స్త్రీల మీద రాసిన పుస్తకం అంతర్జాతీయంగా పేరు తెచ్చుకుంది. రోజంతా అల్లినా వాళ్లను కార్మికులుగా కాక ఇంటిపట్టున తీరిక వేళ గడిపే గృహిణులుగా లెక్కగట్టారని, ఆ లెక్క వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు పత్రం చేతికి వచ్చినంత మాత్రాన కూలి పెరగదు. కొత్త వస్తువులు, కొత్త కొనుగోలుదారులు కావాలి.

ఇక్కడ తెలుగు అక్షరం పనికొస్తుంది. మన లిపి గుండ్రన. అల్లికలో గుండ్రం రావాలంటే గడులు ఎక్కువ కావాలి. తలకట్టుకు పైన, వత్తుకు కింద చోటు వదలాలి. 'సంక్రాంతి'లో క్రావడి ఉంది. 'క్రిస్మస్'లో క్రావడి, మావత్తు రెండూ ఉన్నాయి. 'స్వాగతం'లో వావత్తు ఉంది. కాని 'ఉగాది', 'దసరా', 'దీపావళి' చూడండి. ఒక్క వత్తూ లేదు. మూడు, నాలుగు జెండాలతో తోరణం పూర్తవుతుంది. ఫైలే క్రోషియాలో గడి చదరంగా ఉంటుంది కాబట్టి మామూలు లెక్కల పుస్తకం కాగితమే పటానికి చాలు.

అల్లిక తెలిసినవారు ఒక్క పని చేయాలి. ఈ పండగ పేర్లకు గళ్ల పటాలు గీసి, ఎన్ని గడులు, ఎన్ని వరసలో రాసి, నలుగురికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలి. బెర్లిన్ కాగితాలు, సాజూ పుస్తకాలు ఇంగ్లిషు, ఫ్రెంచి అక్షరాలకు చేసిన మేలు తెలుగుకు మనమే చేసుకోవాలి. కొనేవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. చేత్తో అల్లిన తోరణం ధర అడిగేటప్పుడు ఊలు ఖరీదు కాదు, అల్లిన గంటలు లెక్కపెట్టండి.