‘సభైయోమ్’ నుంచి ‘తీర్మానించడమైనది’ వరకు: తిరుపతి పట్టణసభ వార్షిక ప్రాధాన్యాలు

ఏటా మార్చి ముగిసేలోగా ప్రతి పురపాలక సంఘమూ రెండు పట్టికలు సిద్ధం చేసుకోవలసి ఉంటుంది. రాబోయే సంవత్సరంలో తాను చేయదలచిన పనులు, వాటికయ్యే ఖర్చు, ఆ ఖర్చుకు తగిన రాబడి మొదటి పట్టికలో ఉంటాయి. దీనికి ఆయవ్యయ పట్టిక అని పేరు. తన అధికారంలో లేనివాటిని శాసనసభనో ప్రభుత్వాన్నో అడగడం రెండవది. దీనికి ప్రత్యేకమైన పేరు లేదు. సంవత్సరం పొడుగునా తీర్మానాల రూపంలో చెల్లాచెదురుగా ఉంటుంది. తిరుపతి విషయంలో మొదటి పట్టికకంటె ఈ రెండవదే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. పట్టణసభ తన సంవత్సరాన్ని తాను ఎంతవరకు నిర్ణయించుకోగలిగింది, ఎంతవరకు ఇతరులను అడగవలసి వచ్చింది అన్న ప్రశ్నను చట్టాల చరిత్రతోపాటు తీర్మానం అనే వాక్యరూపం ద్వారా కూడా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తిరుపతి ప్రాంతంలో స్థానికసభల చరిత్ర నేటి పట్టణం నడిబొడ్డున మొదలుకాలేదు. దాని శివారైన తిరుచానూరులో మొదలైంది. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్ది నుంచి లభిస్తున్న తమిళ శాసనాల్లో తిరువేంకటకోట్టంలోని కుడవూర్ నాడుకు చెందిన తిరుచానూరు సభ కనిపిస్తుంది. దాతలు బంగారాన్ని ఆ సభ చేతిలో పెట్టేవారు. మూలధనం తరగకుండా, దానిపై వచ్చే ఆదాయంతో దేవుని సన్నిధిలో దీపం వెలిగించే బాధ్యతను సభ స్వీకరించేది. ఒక స్థానికసంస్థ నిర్దిష్టమైన నిధికి నిర్దిష్టమైన పనిని ముడివేసి, ఏడాది తరువాత ఏడాది నెరవేరుస్తానని రాతిమీద ఒప్పుకోవడమే ఇది. నేటి భాషలో చెప్పాలంటే పద్దు.

ఈ సభలు ఎలా పనిచేసేవో తెలుసుకోవడానికి అదే తొండైమండలంలోని ఉత్తరమేరూరు శాసనాలు ఉపకరిస్తాయి. మొదటి పరాంతక చోళుని కాలానికి చెందిన 919, 921 సంవత్సరాల శాసనాలు ఆ గ్రామాన్ని ముప్పై కుడుంబులుగా విభజించి, అర్హుల పేర్లను తాటాకులపై రాసి, కుండలో వేసి తీయించే పద్ధతిని వివరిస్తాయి. ఎన్నికైనవారితో సంవత్సర వారియం, తోట వారియం, ఏరి వారియం వంటి ఉపసంఘాలు ఏర్పడేవి. ‘ఏరి’ అంటే చెరువు. పదవీకాలం 360 రోజులు. పూర్వం వారియంలో ఉండి లెక్క అప్పగించనివారికి, వారి దగ్గరి బంధువులకు మళ్ళీ అవకాశం లేదు. చెరువుకు, తోటకు, బంగారానికి వేర్వేరు వారియాలుండటాన్నిబట్టే ఆ గ్రామం దేనిని ముఖ్యమని భావించిందో తెలుస్తుంది. ప్రాధాన్యాల జాబితా వేరే రాసుకోవలసిన అవసరం వారికి రాలేదు.

భాషాపరంగా గమనించవలసింది మరొకటి. ఈ శాసనాల్లో సభ తన్ను తాను ‘సభైయోమ్’ అని చెప్పుకుంటుంది. అంటే ‘సభవారమైన మేము’. క్రియకూడా ఉత్తమపురుష బహువచనంలోనే ఉంటుంది: మేము వ్యవస్థ చేశాము, మేము ఒప్పుకున్నాము. తొండైమండల సభల శాసనాలకు ఈ తీరు సాధారణం. మాట ఇచ్చినవారెవరో వాక్యంలోనే ఉన్నప్పుడు తప్పినవారెవరని వెదకనక్కరలేదు. మొదటి రాజేంద్రచోళుని కాలంలో స్థానికసభ దీపాల ధర్మాన్ని సక్రమంగా నడపడం లేదని రాజాధికారి విచారణ జరిపాడు. ఆ బాధ్యత తిరుమల ఆలయ భాండాగారానికి మారింది. స్థానికసభ చేతిలోని నిధి ఆలయం చేతికి వెళ్ళిన ఈ సంఘటన తిరుపతి పాలనా చరిత్రలో తొలి మలుపు. దీన్ని కేవలం సభ వైఫల్యంగా చూడటం తొందరపాటు. కొండకింది సభకు, కొండమీది ఆలయానికి మధ్య నిధి ఎవరి వద్ద ఉండాలన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. నేటికీ అది తేలలేదు.

ఆధునిక పురపాలక వ్యవస్థ ఈ సభలకు కొనసాగింపు కాదు. అది కంపెనీ, బ్రిటిష్ ప్రభుత్వాల సృష్టి. 1801లో ఈ ప్రాంతం కంపెనీ పాలనలోకి వచ్చాక ఆలయ వ్యవహారాలు కలెక్టరు చేతికి, 1843లో హాథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్ళాయి. 1882 మే 18న రిప్పన్ ప్రభుత్వం ప్రకటించిన స్థానిక స్వపరిపాలనా తీర్మానం తరువాత మద్రాసు రాజధానిలో 1884 జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. దాని కింద 1886లో తిరుపతి మునిసిపాలిటీ ఏర్పడింది. అప్పటికి తిరుపతి ఉత్తర ఆర్కాడు జిల్లాలో చంద్రగిరి తాలూకాలోని ఊరు. 1901 జనాభా లెక్కల్లో దాని జనసంఖ్య 15,485 మాత్రమే.

ఈ చిన్న సంఖ్యలోనే పెద్ద చిక్కు ఉంది. 1891లో రైలు వచ్చాక ఊరిలో ఉండేవారికంటె ఊరిమీదుగా కొండకు పోయేవారి అవసరాలు పెరిగాయి. నీరు, పారిశుద్ధ్యం, కలరా నివారణ యాత్రాస్థలాల మునిసిపాలిటీలన్నిటికీ మొదటి పనులయ్యాయి. కాని పన్ను కట్టేది ఇంటి యజమాని, యాత్రికుడు కాదు. 1920 మద్రాసు చట్టం పూజాస్థలాలను, అద్దె తీసుకోని సత్రాలను ఆస్తిపన్ను నుంచి మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ చట్టాలూ ఈ సంప్రదాయాన్నే పాటించాయి. ఈ మినహాయింపు ధర్మబుద్ధితో చేసిందే. అయితే సత్రాలే వీథులైన ఊరిలో దాని ఫలితం వేరు. రైలు ప్రయాణికులపై వేసే టెర్మినల్ పన్ను రాజ్యాంగం ఏడవ షెడ్యూలు మొదటి జాబితాలో 89వ అంశంగా కేంద్రం పరిధిలో ఉంది. కనుక తన ఖర్చుకు ముఖ్యకారణమైన జనప్రవాహంపై పట్టణసభకు నేరుగా పన్ను అధికారం లేదు. మొదటి పట్టిక రెండవ పట్టికపై ఆధారపడటం ఇక్కడే మొదలైంది.

ఈ రెండవ పట్టిక చేరవలసిన చోట చిత్తూరు సీమవారు లేకపోలేదు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు చెందిన కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా 1920 డిసెంబరులో మద్రాసు తొలి మంత్రివర్గంలో స్థానిక స్వపరిపాలన మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ప్రధానమంత్రి అయ్యారు. 1923లో ఆయన ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించినవారు చిత్తూరు పక్కనున్న కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి. ‘కవిత్వతత్త్వ విచారము’ కర్తగానే ఆయనను మనం ఎక్కువగా తలచుకుంటాము గాని, తీర్మానమనే ప్రక్రియలో కూడా ఆయన దిట్ట.

పానగల్లు కాలంలోనే హిందూ దేవాదాయ చట్టానికి రూపం వచ్చింది. 1932 చట్టంతో మహంతుల పాలన ముగిసి, 1933లో తిరుమల తిరుపతి దేవస్థానముల కమిటీ ఏర్పడింది. అప్పటినుంచి ఒకే ఊరిలో చట్టబద్ధమైన రెండు సంస్థలు, రెండు బడ్జెట్లు. ఈ రెండింటికంటె ముందునుంచీ ఉన్న మూడవ సంవత్సరం ఒకటుంది: ఊరి సంవత్సరం. పురపాలక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. వెంటనే వేసవి రద్దీ, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, శరత్కాలంలో బ్రహ్మోత్సవాలు, కార్తికంలో తిరుచానూరు పంచమీతీర్థం. కొత్త పద్దు మంజూరై పనులు మొదలయ్యేలోపే పెద్ద అవసరం వచ్చి పడుతుంది. ఇక్కడ వార్షిక లక్ష్యాలను నిజంగా నిర్ణయించేది పంచాంగమే అంటే అతిశయోక్తి కాదు. 1917లో మునిసిపాలిటీ అయిన చిత్తూరుకు ఈ చిక్కు లేదు. అది జిల్లా కేంద్రం, దాని అడుగుడంతా కలెక్టరు కార్యాలయం వైపే.

ఇక తీర్మానాల భాష సంగతి. బ్రిటిష్ కాలంలో పురపాలక వ్యవహారం ప్రధానంగా ఇంగ్లీషులో సాగింది. 1966లో అధికార భాషా చట్టం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షతన అధికార భాషాసంఘం వచ్చాక కార్యాలయాల్లో తెలుగు వాడకం పెరిగింది. అప్పుడు స్థిరపడిన వాక్యరూపాలే ‘తీర్మానించడమైనది’, ‘ఆమోదించడమైనది’, ‘సభ ముందుంచడమైనది’. క్రియానామానికి ‘అయినది’ చేర్చిన ఈ నిర్మాణంలో కర్త అవసరం లేదు. ‘కౌన్సిలు వారిచే’ అని చేర్చవచ్చు; చేర్చకపోయినా వాక్యానికి లోటు రాదు. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని వ్యాకర్తలు చెబుతూ వచ్చినా, కార్యాలయానికి అదే సహజమైంది. (మన పరిశోధన వ్యాసాల్లో ‘పరిశీలించడం జరిగింది’ అన్న వాక్యం కూడా ఈ కుదురులోనిదే. పురపాలకులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.)

ఈ తీర్మానాలు స్థూలంగా రెండు రకాలు. ‘చేయుటకు తీర్మానించడమైనది’ అన్నది ఒకటి. ‘చేయవలసినదిగా ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానించడమైనది’ అన్నది మరొకటి. మొదటిదానిలో సభకు అధికారం ఉంది, నిధి ఉంది. రెండవదానిలో ఉన్నది కోరిక. చదవడానికి రెండూ ఒకే బరువుతో ఉంటాయి, ఒకే క్రియతో ముగుస్తాయి. ఒక సభ చేతిలో ఎంత ఉందో తెలుసుకోవాలంటే తీర్మానాల సంఖ్యను కాక, వాటిలో ‘కోరుతూ’ అన్న అసమాపక క్రియ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలి. ఈ పద్ధతిని పురపాలక పత్రాల అధ్యయనానికి ఒక ఉపకరణంగా ప్రతిపాదిస్తున్నాను.

కర్తలేని వాక్యానికి అసలు పరీక్ష 2007 తరువాత ఎదురైంది. ఆ సంవత్సరం మార్చి 2న తిరుపతి నగరపాలక సంస్థ అయింది. కార్పొరేషన్‌కు తొలి ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న, 50 డివిజన్లతో. మధ్యనున్న పద్నాలుగేళ్ళు ఎన్నికైన సభ లేదు, ప్రత్యేకాధికారి పాలన. సభ అధికారాలన్నీ ఒక్క అధికారికి సంక్రమించాయి కనుక ఆయన నిర్ణయమే సభ నిర్ణయం. బడ్జెటు ఆమోదం పొందింది, పనులు మంజూరయ్యాయి, ‘తీర్మానించడమైనది’. యాభైమంది కూర్చుని వాదించి తేల్చినా, ఒక్కరు సంతకం చేసినా సరిపోయే వాక్యం అది. ‘సభైయోమ్’ అన్న మాటతో ఆ పని జరిగేది కాదు.

ఆ పద్నాలుగేళ్ళలో జరిగిన నిర్ణయాలు చిన్నవి కావు. 2016 సెప్టెంబరులో తిరుపతి స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికై, దాని అమలుకు ప్రత్యేక కంపెనీ ఏర్పడింది. నగర ప్రణాళిక 1980ల తొలినాళ్ళ నుంచే పట్టణాభివృద్ధి సంస్థ ‘తుడా’ చేతిలో ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చి పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలను పట్టణసభలకు ఉద్దేశించింది. వాటిలో మొదటిదే పట్టణ ప్రణాళిక. నీటికి వస్తే, 1977 నాటి కల్యాణి డ్యాము కొండకూ పట్టణానికీ ఉమ్మడి ఆధారం. తరువాత తెలుగుగంగ నీరు తోడైంది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు స్మార్ట్ సిటీ కంపెనీ, దేవస్థానం నిధులతో కట్టినది. అందులో పెద్దవాటా దేవస్థానానిది. ఎన్నికైన సభ తిరిగి వచ్చేనాటికి నగరపు ముఖ్యమైన పద్దులు చాలావరకు ఇతరుల పుస్తకాల్లో ఉన్నాయి.

ఈ నేపథ్యంలో 2023 అక్టోబరు నాటి వ్యవహారాన్ని చదవాలి. దేవస్థానం పాలకమండలి తన వార్షిక బడ్జెటులో ఒక శాతాన్ని తిరుపతి అభివృద్ధికి కేటాయించాలని నిర్ణయించింది. భక్తుల కానుకలను పట్టణపు రోడ్లకు ఎలా మళ్ళిస్తారన్న అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం ఆ నిర్ణయానికి అంగీకారం తెలుపలేదు. రెండు వైపులా బలమైన వాదాలున్నాయి. కానుక వేసినవాడు స్వామికి వేశాడు, మునిసిపాలిటీకి కాదు. ఆ కానుక వేయడానికి వచ్చినవాడు తాగిన నీరు, నడిచిన వీథి మాత్రం ఊరివి. నా దృష్టిలో ఈ వివాదంలో లోపించింది ఎవరి వాదమూ కాదు, శాసనం. దేవాదాయ ధర్మాదాయ చట్టం (1987లో 30వది) దేవస్థానానికి ప్రత్యేకాధ్యాయాన్ని ఇచ్చింది. పట్టణసభలకు వాటి చట్టాలు వాటికున్నాయి. యాత్రికుని వల్ల కలిగే ఖర్చును ఈ ఊరిలో ఎవరు, ఏ నిష్పత్తిలో భరించాలో చెప్పే శాశ్వతమైన శాసననియమం ఏర్పడనంతకాలం అది ఒక పాలకమండలి ఔదార్యంగానో, మరొక ప్రభుత్వ నిరాకరణగానో మిగులుతుంది. తిరుపతి పట్టణసభ శాసనసభను ఏటా అడగవలసిన మొదటి కోరిక ఇదే కావాలి.

పెరిగిన నగరంలో గణనీయమైన భాగం చాలాకాలం నగరపాలక సంస్థ హద్దులకు బయట ఉండటం మరో చిక్కు. 2011 జనాభా లెక్కల్లో నగరపాలక సంస్థ జనాభా సుమారు 2 లక్షల 87 వేలు. శివార్లతో కలిపిన పట్టణ సముదాయంలో అది 4 లక్షల 60 వేల దరిదాపుల్లో ఉంది. అవిలాల, పేరూరు వంటి శివారు ఊళ్ళలాగే తిరుచానూరు కూడా చాలాకాలం గ్రామపంచాయతీగానే కొనసాగింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇటువంటి ఊళ్ళలో గ్రామసభ ముందు గతసంవత్సరపు లెక్కలు, పాలనా నివేదిక, రాబోయే సంవత్సరపు పనుల జాబితా పెట్టాలి. వెయ్యేళ్ళనాడు దీపాల బాధ్యత స్వీకరించిన సభ ఊరిలోనే మళ్ళీ ఒక సభ లెక్కలు వింటుంది. ఇక్కడ పద్మావతీ అమ్మవారి భక్తుల రద్దీ, పక్కనే పెరుగుతున్న కాలనీల నీటి ఎద్దడి, మురుగుకాలువలు ముఖ్యాంశాలు. ఈ గ్రామసభల తీర్మాన పుస్తకాలను తిరుపతి పురపాలక పత్రాలతో పక్కపక్కన పెట్టి చదివితే, ‘కోరుతూ’ ఎక్కడ ఎక్కువో, ‘మేము’ ఎక్కడైనా మిగిలిందో చూడవచ్చు.