సీనియర్ల మార్కులతో జూనియర్ల తలరాత

ఇరవై ఏడు మంది పిల్లలు. అందరినీ ఒకే వరసలో నిలబెట్టాలి. ఇద్దరూ సమానం అనడానికి వీల్లేదు. ఒకరి వెనక ఒకరే.

2020 జూన్ మొదటి వారం. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒకప్పుడు నూలు మిల్లుల మీద బతికిన ఊరు. అక్కడి ప్రభుత్వ సిక్స్త్ ఫామ్ కాలేజీలో, అంటే మన ఇంటర్‌కు సరిసమానమైన రెండేళ్ల చదువులో, కెమిస్ట్రీ చెప్పే టీచరు తన వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పక్కన రెండేళ్ల హాజరు పట్టిక, క్లాసు టెస్టుల కాగితాలు, ప్రీ ఫైనల్ మార్కులు. ఒక్కో పేరునూ పైకి జరుపుతున్నారు, కిందికి దించుతున్నారు. మూడో పేరు ఎవరిది, నాలుగో పేరు ఎవరిది? ఇద్దరికీ ఎ గ్రేడు వస్తుందని ఆవిడకు తెలుసు. కానీ వరస రాయాల్సిందే. నాలుగో చోట ఒక అమ్మాయి పేరు పెట్టారు. తండ్రి బస్సు డ్రైవరు. తల్లి వృద్ధాశ్రమంలో పనిమనిషి. కరోనా కాలమంతా ఆ ఇద్దరూ ఒక్కరోజు కూడా ఇంట్లో కూర్చోలేదు. ఆ పిల్ల డాక్టరు కావాలనుకుంది.

(ఈ గాథలోని టీచరు, విద్యార్థులు, వాళ్ల క్లాసు లెక్కలు ఆ వేసవిలో అలాంటి కాలేజీల్లో జరిగినదాన్ని బట్టి అల్లుకున్నవి. తేదీలు, నిబంధనలు, అధికారిక లెక్కలు, నాయకుల నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే.)

ఆ ఏడాది మార్చి 18న విద్యామంత్రి గావిన్ విలియమ్సన్ పార్లమెంటులో లేచి బడులు మూస్తున్నామనీ, వేసవి పరీక్షలు జరగవనీ చెప్పారు. ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ సీటు చాలావరకు ఖాయమయ్యేది ఎ లెవెల్ పరీక్షల గ్రేడ్లతో. యూనివర్సిటీలు ముందే షరతు పెట్టి సీటు ఇస్తాయి. ఆగస్టులో ఆ గ్రేడ్లు వస్తేనే సీటు నిలుస్తుంది. మన కథలో అమ్మాయికి మెడిసిన్ సీటు షరతు: మూడు సబ్జెక్టుల్లో మూడు ఎలు.

పరీక్షే లేకపోతే గ్రేడు ఎలా? మార్చి 31న విలియమ్సన్ పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్‌కు లేఖ రాశారు. ఈ ఏడాది గ్రేడ్ల తీరు వీలైనంత వరకు గత ఏళ్ల తీరునే పోలి ఉండాలన్నది అందులోని ఆదేశం. తరవాత జరిగినదంతా ఆ ఒక్క వాక్యంలోంచే పుట్టింది. టీచర్లను వదిలేస్తే తమ పిల్లలకు ఉదారంగా వేస్తారు, గ్రేడ్లకు విలువ లేకుండా పోతుంది అన్నది భయం. ఆ భయం పూర్తిగా అన్యాయమైనది కాదు. దానికి వెతుక్కున్న మందే ప్రాణాల మీదికి తెచ్చింది.

ఆఫ్‌క్వాల్ టీచర్లను రెండు అడిగింది. ప్రతి విద్యార్థికీ పరీక్ష జరిగి ఉంటే వచ్చే గ్రేడు ఒకటి. ప్రతి సబ్జెక్టులో మొదటి నుంచి చివరి దాకా వరస రెండోది. జూన్ 12కల్లా పంపాలి, పిల్లలకు చెప్పకూడదు. టీచర్లు రాత్రిళ్లు కూర్చుని రెండూ తయారుచేశారు. పెద్ద క్లాసుల్లో మొదటిదాన్ని లెక్కలోకే తీసుకోరని ఆ వంటింట్లో కూర్చున్న మనిషికి తెలియదు.

లెక్క ఇలా సాగింది. ఆ కాలేజీలో కెమిస్ట్రీ తీసుకున్న పిల్లలకు 2017, 2018, 2019లలో ఏ గ్రేడ్లు వచ్చాయో చూస్తారు. ఈ ఏటి బ్యాచ్ మొత్తంగా పదహారేళ్లప్పుడు రాసిన జీసీఎస్‌ఈ పరీక్షల్లో పాత బ్యాచ్‌ల కంటే మెరుగా, తీసికట్టా అని చూసి కొంచెం సర్దుతారు. దాంతో ఈ క్లాసుకు ఇన్ని ఎలు, ఇన్ని బిలు అని ఖాయమవుతుంది. ఇక టీచరు పంపిన వరస తీసుకుని పై నుంచి కిందికి పంచుకుంటూ పోవడమే.

మన టీచరు ఐదుగురికి ఎ ఇచ్చారు. గత మూడేళ్ల లెక్క ప్రకారం ఆ క్లాసుకు దక్కేవి రెండే. వరసలో ఒకటి, రెండు వాళ్లకు ఎ. మూడు, నాలుగు, ఐదు వాళ్లకు బి. నాలుగో అమ్మాయి రెండేళ్లలో ఏం రాసిందో, ఎన్ని మార్కులు తెచ్చుకుందో కంప్యూటర్ చూడలేదు. ఆ అమ్మాయి సొంత జీసీఎస్‌ఈ మార్కులు కూడా బ్యాచ్ సగటులో కలిసిపోయాయి.

వరసలో చివరి అబ్బాయి సంగతి ఇంకా ఘోరం. టీచరు అతనికి ఇ ఇచ్చారు, అంటే పాసు. కానీ గత ఏళ్లలో ఆ కాలేజీలో కెమిస్ట్రీలో ఒకరో ఇద్దరో తప్పారు. కాబట్టి ఈసారీ ఒకరు తప్పాలి. చివర ఉన్నది అతనే కాబట్టి తప్పినవాడూ అతనే. రాయని పరీక్షలో ఆ పిల్లవాడు ఫెయిలయ్యాడు.

మరి చిన్న క్లాసులకు ఏం చేశారు? ఐదుగురు, అంతకంటే తక్కువ మంది ఉంటే గత ఏళ్ల లెక్క నమ్మదగినది కాదు కాబట్టి టీచరు ఇచ్చిన గ్రేడే ఖాయం చేశారు. ఐదుకు పైన పదిహేను దాకా ఉంటే టీచరు గ్రేడుకూ కొంత విలువ ఇచ్చారు. అది దాటితే లెక్కదే రాజ్యం. గణితం ప్రకారం తప్పు పట్టలేం. కానీ నలుగురైదుగురు పిల్లలతో ఒక క్లాసు నడిపే స్తోమత ఎవరికుంటుంది? వేల పౌండ్ల ఫీజు తీసుకునే ప్రైవేటు బడులకు. ముప్పైమందిని కుక్కి కూర్చోబెట్టేది ఎక్కడ? బస్సు డ్రైవర్ల పిల్లలు చదివే ప్రభుత్వ కాలేజీల్లో. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లల విషయంలో టీచరు మాట చెల్లింది, కట్టలేని ఇంటి పిల్లల విషయంలో చెల్లలేదు. ఈ నియమం రాసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేను అనను. ఫలితం ఎటు పోతుందో వాళ్లకు కనిపించకపోవడాన్ని మాత్రం క్షమించలేను.

చెప్పినవాళ్లు లేక కాదు. దేశంలోని గణాంక శాస్త్రవేత్తల సంఘం రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ తమ నిపుణులు ఇద్దరిని ఇస్తామంది. బయట నోరు విప్పకూడదన్న ఒప్పందం మీద సంతకం పెట్టాలని ఆఫ్‌క్వాల్ షరతు పెడితే వెనక్కి తగ్గింది. జూలైలో పార్లమెంటు విద్యా కమిటీ పేద పిల్లలు నష్టపోతారని హెచ్చరించింది. అంతకంటే పెద్ద హెచ్చరిక పక్కనే, స్కాట్లండ్‌లో వచ్చింది. ఆగస్టు 4న అక్కడ ఇలాంటి పద్ధతిలోనే ఫలితాలిచ్చారు. సుమారు లక్షా ఇరవై అయిదు వేల గ్రేడ్లు తగ్గాయి. అక్కడి హయ్యర్ అనే పరీక్షల్లో టీచర్ల అంచనాతో పోలిస్తే అత్యంత పేద ప్రాంతాల పిల్లల ఉత్తీర్ణత 15.2 శాతం పాయింట్లు పడిపోయింది, సంపన్న ప్రాంతాల్లో 6.9. పిల్లలు రోడ్డెక్కారు. అక్కడి ప్రభుత్వ నాయకురాలు నికోలా స్టర్జన్ క్షమాపణ చెప్పారు. 11న మంత్రి జాన్ స్విన్నీ తగ్గించిన గ్రేడ్లన్నీ వెనక్కిచ్చేశారు.

అది కళ్లారా చూసి కూడా, రెండు రోజులకు ఇంగ్లండ్ అదే పని చేసింది.

ఆగస్టు 13, గురువారం. ఉదయం ఎనిమిది కాకముందే ఆ అమ్మాయి యూనివర్సిటీ దరఖాస్తుల వెబ్‌సైట్ తెరిచి కూర్చుంది. సీటు ఖాయమైనట్టు రావాల్సిన చోట ఏమీ లేదు. కాలేజీ పంపిన గ్రేడ్లు తెరిచింది. మ్యాథ్స్ ఎ. బయాలజీ బి. కెమిస్ట్రీ బి.

టీచరుకు ఫోన్ చేసింది. "మిస్, నాకు మీరు బి ఇచ్చారా?"

అవతల కాసేపు మాట లేదు. "లేదమ్మా. నేను ఎ ఇచ్చాను."

"మరి ఎవరిచ్చారు?"

దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే అరగంటకు లైను దొరికింది. షరతు ప్రకారం గ్రేడ్లు రాలేదు, మెడిసిన్ సీట్లు నిండాయి, ఏమీ చేయలేం అన్నారు. అప్పీలు చేసుకుందామంటే నిబంధన ప్రకారం విద్యార్థికి ఆ హక్కు లేదు. కాలేజీయే చేయాలి, అదీ ఇరుకైన కొన్ని కారణాల మీదే.

ఇక్కడ తెలంగాణ గుర్తుకొస్తుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళంలో మన ఇళ్లు ఎంత అల్లాడాయో ఎవరూ మరిచిపోలేదు. తప్పిన వాళ్లందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించమని చివరికి ప్రభుత్వం ఆదేశించింది. తెలంగాణలో మళ్లీ తెరిచి చూడటానికి పిల్లలు రాసిన పత్రాలైనా ఉన్నాయి. ఇంగ్లండ్ పిల్లల చేతిలో అదీ లేదు. రాయని పత్రానికి రీవాల్యుయేషన్ ఎక్కడ?

ఆగస్టు 13న ఇంగ్లండ్‌లో ఎ లెవెల్ గ్రేడ్లలో 39.1 శాతం, దాదాపు రెండు లక్షల ఎనభై వేలు, టీచర్లు ఇచ్చినదాని కంటే తగ్గాయి. అందులో చాలావరకు ఒక్క మెట్టే. కానీ సీటు పోవడానికి ఆ ఒక్క మెట్టు చాలు. ఎ, ఆపై గ్రేడ్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే ప్రైవేటు బడుల్లో 4.7 శాతం పాయింట్లు పెరిగాయి. సిక్స్త్ ఫామ్, ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీల్లో పెరిగింది 0.3. ఆఫ్‌క్వాల్ మాత్రం పేద, ధనిక తేడా గత ఏళ్ల కంటే పెరగలేదని వాదించింది. పాత తేడాను అలాగే కొత్త పిల్లల నెత్తిన రుద్దడం న్యాయం ఎలా అవుతుందో చెప్పలేదు. ఆ సంస్థ తన లెక్కను 2019 ఫలితాల మీద పరీక్షించి చూసుకున్నప్పుడు కూడా చాలా సబ్జెక్టుల్లో మూడింట ఒక వంతు, కొన్నిట్లో అంతకు మించి, గ్రేడ్లు సరిగ్గా పడలేదు. ఆ సంగతి దాని నివేదికలోనే ఉంది. నివేదిక బయటికొచ్చిందేమో ఫలితాల రోజునే.

ప్రధాని బోరిస్ జాన్సన్ ఫలితాలు నమ్మదగినవే అన్నారు. విలియమ్సన్ మార్పు ఉండదన్నారు. శనివారం ఆఫ్‌క్వాల్ అప్పీళ్ల నిబంధనలు ప్రకటించి, కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. ఆదివారం లండన్‌లో పిల్లలు గుమిగూడి ఆల్గారిథమ్‌ను బండబూతులు తిట్టారు. పద్దెనిమిదేళ్ల పిల్లలు ఒక లెక్కను పేరుపెట్టి తిడుతూ వీధిలో నిలబడటం లోకం అప్పుడే చూసింది. పశ్చిమ లండన్‌లో ఒక విద్యార్థి ఫాక్స్‌గ్లవ్ అనే న్యాయ సంస్థ అండతో లీగల్ నోటీసు పంపాడు.

ఆగస్టు 17, సోమవారం సాయంత్రం ప్రభుత్వం దిగొచ్చింది. టీచర్లు ఇచ్చిన గ్రేడే ఖాయం; లెక్క ఎక్కువ ఇచ్చి ఉంటే ఆ ఎక్కువదే ఉంచుతామన్నారు. మంత్రి క్షమాపణ చెప్పారు. మన అమ్మాయికి మూడు ఎలు వచ్చాయి. అప్పటికి ఆమె చోట ఇంకొకరు చేరిపోయారు. వచ్చే ఏడాది రమ్మంది యూనివర్సిటీ. ఆ శరదృతువులో అలా ఏడాది ఆగినవాళ్లు ఎందరో. ఒక ఏడాది ఖాళీగా ఉండటం కొన్ని ఇళ్లలో సరదా ప్రయాణం. ఈ ఇంట్లో అది సూపర్ మార్కెట్లో రాత్రి షిఫ్టు.

ఆగస్టు 25న ఆఫ్‌క్వాల్ అధిపతి సాలీ కోలియర్ రాజీనామా చేశారు. మర్నాడు విద్యాశాఖ అత్యున్నత అధికారి జొనాథన్ స్లేటర్‌ను తప్పించారు. అదే రోజు లెస్టర్‌షైర్‌లో ఒక బడికి వెళ్లిన జాన్సన్, మీ గ్రేడ్లను ఒక వికృత ఆల్గారిథమ్ పట్టాలు తప్పించబోయిందని పిల్లలతో అన్నారు. విలియమ్సన్ ఇంకో ఏడాది పైగా మంత్రిగా కొనసాగి, 2022లో సర్ బిరుదు అందుకున్నారు.

జాన్సన్ మాట నిజం కాదు. ఆ లెక్క వికృతం కాలేదు, దారి తప్పలేదు. గత ఏళ్ల తీరు మారకూడదని మార్చి 31న ఏ ఆదేశం ఇచ్చారో దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. తప్పు ఆదేశం ఇచ్చినవాళ్లది.

ఈ ఆలోచన మనకూ పరాయిది కాదు. 2021లో పన్నెండో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు సీబీఎస్‌ఈ కూడా గత మూడేళ్లలో బడికి ఉత్తమ ఫలితాలొచ్చిన ఏడాదిని కొలతగా పెట్టి, మార్కులు ఆ హద్దులోనే ఉండేలా సర్దమని బడులకు చెప్పింది. ఆంధ్ర, తెలంగాణల్లోని సీబీఎస్‌ఈ పిల్లలకూ అదే కొలత. పాత ఫలితాలు బాగున్న బడి పిల్లలకు అది నీడనిచ్చింది. అప్పుడప్పుడే పుంజుకుంటున్న బడిలో బాగా చదివిన పిల్లకు అడ్డుకట్టయింది.

రేపు మన బోర్డుల్లోనూ, ప్రవేశాల్లోనూ కంప్యూటర్ లెక్కలు ఇంకా పెరుగుతాయి. వద్దనడం నా ఉద్దేశం కాదు. మీ పిల్లల విషయంలో మాత్రం ఒక ప్రశ్న అడగండి: ఈ మార్కు మా పిల్ల రాసింది చూసి వేస్తారా, ఆ బడిలో ఇంతకుముందు చదివినవాళ్లను చూసి వేస్తారా? జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఫలితాలు వచ్చాక కాదు, రాకముందే అడగండి.