కాలవ గట్ల నుంచి గుడిస కొండ దాకా

గోదావరి డెల్టాలో సైకిలు దారుల చరిత్ర పడవలతో మొదలవుతుంది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. దానికింద సాగిన కాలవల్లో పొలాలకు నీళ్లూ పారాయి, ధాన్యం పడవలూ తిరిగాయి. గాలి పడిపోతే పడవవాళ్లు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. తాడు దేనికీ తగులుకోకుండా ఆ గట్టు చదునుగా, తుప్పలు లేకుండా ఉండాలి. సైకిళ్లు ఊళ్లలోకి వచ్చేనాటికి ఆ బాటలు సిద్ధంగా ఉన్నాయి.

1949లో మద్రాసులో టీఐ, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో సైకిలు కంపెనీలు మొదలయ్యాక సైకిలు మామూలు ఇళ్లకూ వచ్చింది. పాల క్యాన్లు, కొబ్బరి గెలలు, ఉత్తరాల సంచులు గట్ల మీద పరుగెత్తాయి. కాలవ దాటాలంటే లాకుల దగ్గరికి పోవాలి. గోదావరి పాయ అడ్డొస్తే పంటు ఎక్కాలి. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య మనుషులతోపాటు సైకిళ్లూ పంటు మీదే ఏరు దాటేవి.

వానాకాలం గట్టు మీద తొక్కడం మాత్రం అసలు పరీక్ష. నల్లరేగడి బంక టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు కింద గట్టిపడుతుంది. చక్రం తిరగదు. దిగి, పుల్లతో మట్టి గీకి, నాలుగు గజాలు నడిపించేసరికి మళ్లీ అదే కథ. చివరికి సైకిలే మనిషి భుజమెక్కుతుంది. కొండల్లో పందేలాడేవాళ్లు ఇలా సైకిలు మోయడాన్ని నైపుణ్యంగా నేర్చుకుంటారు. డెల్టా రైతు బిడ్డకి అది బడికి పోయే పని.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్లు తెగాయి. తరవాత వాటిని ఎత్తు చేసి బలపరిచారు, చాలాచోట్ల రోడ్డూ పడింది. దారి బాగుపడింది. వెనకే ఇసుక లారీలూ ఎక్కాయి.

పోటీల సంగతికొస్తే, ఇక్కడ వేగానికన్నా నిలకడకే ఎక్కువ చప్పట్లు. బడి ఆటల్లో స్లో సైకిల్ రేసు ఉండేది: కాలు కింద పెట్టకుండా అందరికన్నా వెనక వచ్చినవాడు గెలిచినట్టు. ఊరి మధ్య గిరి గీసి, రోజుల తరబడి సైకిలు దిగకుండా తొక్కే విన్యాసగాళ్లు వస్తే జనం రాత్రిళ్లు కూడా అక్కడే ఉండేవారు. సైకిలు మీద అదుపు నేర్పడంలో ఇవి ఏ కొండ పందేనికీ తీసిపోవు.

కొండ సైకిలు పందెం కూడా, మన గట్ల లాగే, వేరే పని కోసం వేసిన దారి మీదే పుట్టింది. 1976లో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ మీంచి దిగిన దారి, అడవి మంటలు ఆర్పేవాళ్ల కోసం వేసిన మట్టిరోడ్డు. కిందికి వచ్చేసరికి బ్రేకు హబ్బులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. ఇరవై ఏళ్లకి, 1996లో, ఆ ఆట అట్లాంటా ఒలింపిక్స్‌కెక్కింది. మన దేశంలో 2005లో హిమాచల్‌లో ఎంటీబీ హిమాలయ అనే కొండ సైకిలు పందెం మొదలైంది. మన ఊళ్లకి మాత్రం ఆ గాలి హీరో రేంజర్ సైకిలు రూపంలో, లావు టైర్లతో, తిన్నని హ్యాండిల్‌తో వచ్చింది.

డెల్టాకి దగ్గరి కొండలు రంపచోడవరం, మారేడుమిల్లి. ఏజెన్సీ రోడ్లకి చేదు చరిత్ర ఉంది. గూడెం ప్రాంతంలో ఘాట్ రోడ్ల కోసం గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించడం 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీకి ఒక కారణం. ఆ అక్టోబరులోనే అడ్డతీగల, రంపచోడవరం ఠాణాల మీద దాడులు జరిగాయి. ఇవాళ మారేడుమిల్లి నుంచి చింతూరుకి పోయే ఘాట్ మలుపులు, గుడిస గడ్డికొండ మీదికి పోయే జీపు బాట సైకిలు తొక్కేవాళ్లని పిలుస్తున్నాయి. పాపికొండల అడవి 2008లో జాతీయ పార్కయింది కాబట్టి, ఆ హద్దుల్లోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఆ నియమం ఉండాల్సిందే.

కింద డెల్టాలో సైకిలుకి దారి వదిలే పని ఇంతకన్నా తేలిక. కాలవకి రెండు గట్లుంటాయి. ఒకదాని మీద తారు రోడ్డు వేసినచోట రెండోది నడిచేవాళ్లకి, సైకిళ్లకి వదిలేయాలి. ఆ గట్టు మొదట్లో లారీ పట్టకుండా రెండు రాళ్లు పాతడానికి పెద్ద ఖర్చేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2017లో బడి ఆడపిల్లలకు ‘బడికొస్తా’ కింద సైకిళ్లిచ్చింది. అలా బడికి పోయే పిల్లలు లారీల పక్కన బెదురుతూ తొక్కాల్సిన పని ఉండకూడదు.