ఒకే రేకు, పది చేతులు

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారి పేరు మన సభల్లో వినిపించేది తక్కువే. శాంతినికేతన్‌లో చదివి, ఆయన పారిస్‌లో హేటర్ నడిపిన ‘అతెలియే 17’లో చేరారు. యుద్ధకాలంలో న్యూయార్కుకు తరలి, 1950లో పారిస్‌కు తిరిగెళ్ళిన ఉమ్మడి ముద్రణశాల అది. ప్రెస్సు ఒకటే; కిటుకు అందరిదీ.

అక్కడే హేటర్, కైకో మోతీలతో కలిసి విస్కాసిటీ ముద్రణను రూపుదిద్దారు. సిరాల్లో నూనె పాళ్ళు మార్చి, మెత్తని, గట్టి రోలర్లతో చెక్కిన లోహపు రేకుకు పూస్తే రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. ఒక్క అచ్చుతో అన్నీ కాగితానికెక్కుతాయి. ఇందులో ఎవరి పాలెంతో విడదీయడం కష్టం. ఉమ్మడి వంటింట్లో పులుసు ఎవరు కాచారంటే ఏం చెప్తాం!

1976లో న్యూయార్కుకు వచ్చి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి నేర్పారు. ఆ కిటుకునూ దాచుకోక, 1988లో పుస్తకంగా రాసి అందరి చేతుల్లో పెట్టారు.