మర్రే నదిమీది సుంకపు ఠాణాలు

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము తెలుగువారి వాణిజ్యచరిత్రలో అమూల్యమైన పత్రము. తుపానులచేత దిక్కుతప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నావలలోని సరకులను పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండగా, ప్రాణములకు తెగించి సముద్రవర్తకము సాగించువారియెడ దయగలవాడై ఆ ప్రభువు, కూపశుల్కమను నియతమైన సుంకమును తప్ప వేరేమియు గ్రహింపనని శిలపై చెక్కించి లోకమునకు తెలియజేసెను. సుంకమెంతయో, దానిని ఏ యధికారముచేత గైకొందురో వర్తకునకు ముందుగా తెలిసియుండవలెనను ధర్మము అందు ఇమిడియున్నది. ఐదువందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట దక్షిణసముద్రమున వెలసిన ఆస్ట్రేలియా వలసలు ఇదే ధర్మమును నేర్చుకొనుటకు నూరేండ్లు పట్టెను. ఆ నేర్చుకొనుటలోనే అవి యొక దేశముగా రూపొందెను. సిడ్నీ, మెల్బోర్న్ నగరములలో స్థిరపడి స్వదేశముతో సరకుల రాకపోకలు నెరపుచున్న తెలుగువారు నేడు ఎందరో కలరు గావున ఆ కథ మనకు పరాయిది కాదు.

1788లో బ్రిటిషువారు ఆదివాసుల నేలపై న్యూ సౌత్ వేల్సును నేరస్థుల వలసగా నెలకొల్పినప్పుడు అచట శాసనసభ లేదు. గవర్నరు ఆజ్ఞయే చట్టము. సిడ్నీలో దుంగలతో కట్టిన చెరసాల 1799లో దగ్ధము కాగా, దాని స్థానమున మరియొకదానిని నిర్మించుటకు ధనము చాలక, గవర్నరు ఫిలిప్ గిడ్లీ కింగు 1800లో రేవున దిగు సారాయిమీదను, ద్రాక్షాసవముమీదను, బీరుమీదను సుంకము విధించెను. అనాథబాలికల పోషణకును ఆ రాబడినుండియే కొంత కేటాయింపబడెను. 1810లో మెక్వారీ గవర్నరు ఈ ధనమును నాలుగు పాళ్ళుచేసి, మూడు పాళ్ళు పోలీసు నిధికిని, ఒక పాలు అనాథపాఠశాల నిధికిని చెందునట్లు ఏర్పరచెను. ఉద్దేశములు మంచివే, కాని ప్రజాప్రతినిధుల సమ్మతి లేని పన్ను చెల్లునా యను ప్రశ్న న్యాయవేత్తల నోట వెలువడినప్పుడు దానికి సమాధానము లేకపోయెను. తుదకు 1819లో బ్రిటిషు పార్లమెంటు ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, అంతవరకు జరిగిన వసూళ్ళవిషయమై గవర్నర్లమీద వ్యాజ్యములు రాకుండ కాపాడవలసివచ్చెను.

వసూలుచేయు విధానము మరింత శిథిలముగా ఉండెను. నేవల్ ఆఫీసరను ఉద్యోగికి జీతమునకు మారుగా వసూలైన సొమ్ములో నూటికి ఐదువంతులు ముట్టుచుండెను. 1814 నుండి ఆ పదవిలోనుండిన కెప్టెన్ జాన్ పైపరు ఆ యాదాయముతో సిడ్నీ రేవు ఒడ్డున హెన్రియెట్టా విల్లా అను మహాసౌధమును కట్టించి విందులతో, వినోదములతో వలస యంతటికిని ఆతిథేయుడై వెలుగొందెను. నేటికిని ఆ చోటు పాయింట్ పైపరనియే పిలువబడుచున్నది. 1827లో డార్లింగ్ గవర్నరు లెక్కలు తనిఖీ చేయించగా సుమారు 12,000 పౌన్లు తక్కువపడెను. అవమానము భరింపజాలక పైపరు పడవనెక్కి రేవుముఖము దాటించి సముద్రములో దుమికెను. పడవవారు ఆయనను రక్షించిరి. ఆ వృత్తాంతమును చదువునప్పుడు వంచనకంటె అజాగ్రత్తయే ఎక్కువగా కనబడును. అయినను ప్రభుత్వధనమును వాటాలమీద వసూలుచేయించు పద్ధతి ఎట్టి మంచివానినైనను చెరుపగలదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. ఆ యేడే నేవల్ ఆఫీసరు పదవి అంతరించి, కస్టమ్స్ శాఖ అవతరించెను. 1834లో కలెక్టరుగా వచ్చిన జాన్ గిబ్స్ పావుశతాబ్ది పాటు ఆ శాఖను నడపెను. ఆయన పట్టుదలవలననే సర్క్యులర్ కీ యొద్ద 1845లో కస్టమ్స్ హౌస్ వెలసెను. అది యిప్పుడు నగరగ్రంథాలయము.

అసలు కథ నదీతీరమున నడచినది. 1851లో విక్టోరియా వేరుపడగా, దానికిని న్యూ సౌత్ వేల్సునకును మర్రే నది సరిహద్దు అయ్యెను. బంగారు గనుల సందడి తగ్గిన పిమ్మట పనిలేని జనమునకు కర్మాగారములలో పని కల్పింపవలెనన్నచో పరదేశపు సరకులపై సుంకము హెచ్చింపవలెనని ‘ది ఏజ్’ పత్రికాధిపతి డేవిడ్ సైమ్ విక్టోరియాలో తీవ్రముగా వాదించెను. ఆ వాదము 1865లో ఉభయసభల నడుమ రాజ్యాంగసంక్షోభమునే రేపి, మెల్లమెల్లగా జయించెను. న్యూ సౌత్ వేల్సు మాత్రము స్వేచ్ఛావాణిజ్యమునే నమ్మెను. ఒకే భాష మాటలాడుచు, ఒకే రాణికి ప్రజలై, ఒకే నది నీరు త్రాగుచున్న జనుల నడుమ ఈ రెండు సిద్ధాంతములు గోడవలె నిలిచిపోయెను. ఎచూకా, వాహ్‌గున్యా మొదలగు నదీతీరపు ఊళ్ళలో సుంకపు ఠాణాలు వెలసెను. ఉత్తరతీరమునందలి రివరీనా రైతునకు సిడ్నీకంటె మెల్బోర్న్ దగ్గర. అయినను అతని ధాన్యమును, పశువులును వంతెన దాటినంతనే పరదేశపు సరకులయ్యెడివి. సుంకములో ఇంతపాలు మీది, ఇంతపాలు మాదియని రెండు ప్రభుత్వములును ఒడంబడికలు చేసికొనుటయు, కొన్నియేండ్లకే అవి తెగిపోవుటయు పరిపాటి యయ్యెను. 1883లో రెండు రాజధానులనుండియు వచ్చిన రైలుమార్గములు ఆల్బరీలో కలిసికొన్నప్పుడు సైతము ఒకరి పట్టాల వెడల్పు 4 అడుగుల 8½ అంగుళములు, మరియొకరిది 5 అడుగుల 3 అంగుళములు. ప్రయాణికుడు అర్ధరాత్రమైనను బండి మారవలెను, పెట్టె విప్పి సుంకపు అధికారికి చూపవలెను.

ఇట్టి నిత్యక్లేశమునుండియే, వలసలన్నియు ఒక్కటి కావలెనను సమాఖ్యోద్యమమునకు ప్రజాబలము చేకూరెనని నా యభిప్రాయము. మహానాయకుల ఉపన్యాసములను చరిత్రకారులు విరివిగా స్మరింతురు. కాని వాహ్‌గున్యాకు ఎదురుగా నదికి ఆవలియొడ్డుననున్న కొరోవా అను చిన్నయూరిలో 1893 జూలై 31న సమావేశమైనవారిలో సరిహద్దు సంఘముల సామాన్యులు ఎక్కువ. బెండిగో న్యాయవాది జాన్ క్విక్ అచట ప్రతిపాదించిన తీర్మానము, రాజ్యాంగసభకు ప్రతినిధులను ప్రజలే ఎన్నుకొనవలెననియు, సిద్ధమైన రాజ్యాంగమును మరల ప్రజలయెదుటనే ఓటునకు పెట్టవలెననియు మార్గము చూపెను. ఆ మార్గముననే 1901 జనవరి 1న, వలసలు రాష్ట్రములుగా మారి, ఆస్ట్రేలియా కామన్వెల్తు ఉదయించెను.

ఆ రాజ్యాంగమును విప్పిచూచినచో సుంకపు జాడ అడుగడుగునను కనబడును. రెండేండ్లలోపల దేశమంతటికిని ఏకరూపమైన సుంకములు విధింపవలెనని 88వ విభాగము, ఆ యధికారము కేంద్రమునకే చెందునని 90వ విభాగము, రాష్ట్రముల నడుమ వాణిజ్యము సంపూర్ణముగా స్వేచ్ఛ గలిగియుండవలెనని 92వ విభాగము శాసించుచున్నవి. సుంకములను వదలుకొన్న రాష్ట్రములు దివాలా తీయకుండ, టాస్మేనియా నాయకుడు ఎడ్వర్డ్ బ్రాడన్ పట్టుబట్టి, నికరరాబడిలో నాలుగింట మూడుపాళ్ళు పదేండ్లపాటు రాష్ట్రములకే చెందునట్లు చేయించెను. పశ్చిమ ఆస్ట్రేలియాకు మాత్రము ఏటేట తగ్గించుకొనుచు ఐదేండ్లవరకు తన సుంకములను నిలుపుకొను వెసులుబాటు దొరకెను. కస్టమ్స్ చట్టము 1901లో కామన్వెల్తు తొలి పార్లమెంటులోనే వెలువడెను. ఆ యేడే అక్టోబరు 8న సాయంకాలము 4 గంటలకు వాణిజ్య, సుంకముల మంత్రి చార్లెస్ కింగ్‌స్టన్ మెల్బోర్న్ సభలో సుంకపు పట్టికను ప్రవేశపెట్టినంతనే అది అమలులోనికి వచ్చెను. రాష్ట్రముల నడుమనున్న ఠాణాలకు ఆనాటితో పని తీరెను. పట్టికపై వాదోపవాదములు మరి పదకొండు నెలలు సాగి 1902 సెప్టెంబరునగాని చట్టము కాలేదు.

1915 వరకు కేంద్రమునకు ఆదాయపుపన్ను లేదు. ప్రభుత్వరథము సుంకముమీదనే నడచెను. దేశీయ యంత్రములపై ఎక్సైజు విధించి, కూలివారికి న్యాయమైన వేతనమిచ్చు యజమానికి అది మినహాయింపవలెనని 1906లో చేసిన చట్టమును పురస్కరించుకొని, హెచ్. వి. మెకే హార్వెస్టరు కర్మాగారపు వ్యాజ్యములో 1907లో జస్టిస్ హిగ్గిన్స్ కుటుంబపోషణకు దినమునకు 7 షిల్లింగులు కనీసవేతనమని నిర్ణయించెను. మరుసటియేట హైకోర్టు ఆ చట్టమును కొట్టివేసినను, ఆ కొలమానము మాత్రము చిరకాలము నిలిచెను. శ్రామికునకు ఇంత మేలు చేసిన వ్యవస్థయే రంగును చూచి మనుష్యులను వెలివేయుటకును సాధనమయ్యెను: 1901 నాటి వలసనియంత్రణచట్టము ప్రకారము, ఓడ దిగిన ఆసియావాసికి సుంకపు అధికారి తాను ఎంచుకొన్న ఐరోపాభాషలో 50 మాటల పాఠము చదివి వ్రాయుమనెడివాడు, వ్రాయలేకపోవుటకే ఆ భాష ఎంపికయగుచుండెను. 1958 వరకు తొలగని ఆ పరీక్షను క్షమించుట మనవంటివారికి సులభము కాదు.

రక్షణసుంకముల కోట 1973లో విట్లమ్ ప్రభుత్వము ఒక్కపెట్టున అన్నిటిని నాలుగవవంతు తగ్గించుటతో బీటలువారెను. నేడు చాలవరకు సరకులపై సుంకము సున్న గాని నూటికి 5 గాని మాత్రమే. అయినను 1901 నాటి చట్టము సవరణలతో ఇప్పటికిని అమలులోనున్నది. 2015 నుండి ఆస్ట్రేలియన్ బోర్డర్ ఫోర్స్ దానిని నడపుచున్నది. దిగుమతిసరకు విలువ 1,000 డాలర్లు మించినచో దిగుమతిదారు స్వయముగా గాని, లైసెన్సుగల కస్టమ్స్ బ్రోకరు ద్వారా గాని పూర్తి ప్రకటన దాఖలుచేసి, సరకునకు సుంకపు పట్టికలోని సరియైన అంకె నిర్ణయించి, సంబంధించిన పత్రములను ఐదేండ్లు భద్రపరుపవలెను. ఎగుమతికి ఆ హద్దు 2,000 డాలర్లు; అనుమతిపత్రము కావలసిన సరకైనచో విలువతో నిమిత్తము లేదు. ఆహారపదార్థములు, విత్తనములు, కలప మొదలగువానికి జీవభద్రతా తనిఖీ వేరుగా కలదు. ఊరినుండి తెచ్చు పచ్చళ్ళ జాడీనైనను విమానాశ్రయపు కార్డులో ప్రకటించుట విధి.

భారతీయ వర్తకుడు ముఖ్యముగా గమనింపవలసిన భేదమొకటి కలదు. మనదేశమున ఓడకూలియు, బీమాయు కలిపిన విలువపై సుంకము కట్టుదురు. ఆస్ట్రేలియాలో సరకు బయలుదేరిన రేవున ఓడకెక్కువరకు గల విలువయే సుంకమునకు ఆధారము. 10,000 డాలర్ల బట్టలకు ఓడకూలి, బీమా 1,000 డాలర్లు అయినవనుకొందము: నూటికి 5 చొప్పున సుంకము 500 డాలర్లు, ఆ మూడింటి మొత్తమైన 11,500 డాలర్లపై నూటికి 10 చొప్పున జి.ఎస్.టి. 1,150 డాలర్లు. 2022 డిసెంబరు 29 నుండి అమలులోనున్న భారత–ఆస్ట్రేలియా ఆర్థిక సహకార వాణిజ్య ఒప్పందము ననుసరించి, సరకు భారతదేశమున పుట్టినదేయని భారతప్రభుత్వపు అధికారము పొందిన సంస్థ యిచ్చిన మూలధ్రువపత్రముతో మినహాయింపు కోరినచో ఆ 500 డాలర్లు కట్టనక్కరలేదు, జి.ఎస్.టి. సైతము 1,100కు దిగును. కోరనివానికి ఆ మినహాయింపు దానంతట అది లభింపదు. పత్రము లేనిచో సరకు హైదరాబాదునుండి వచ్చినను, మరెచటనుండి వచ్చినను సామాన్యపు రేటే పడును.